సగం రొట్టెకి

అత్తకి పియానో, తమ్ముడికి కారు.
నా వాటాకి పదకొండు సొరుగుల బీరువా,
లోపల తాతయ్య రాళ్ళు,
ఒక్కో రాయి కింద ఊదా సిరా చీటీ.
నలుగురు పడితే గాని కదల్లేదు.

యాఖిమోవ్ గనుల దిగువన మా ఊరు.
ఇక్కడ ఏ ఇంట్లోనైనా ఒక రాయి ఉంటుంది,
దాని కథ సగంలో ఆపేసే ముసలివాళ్ళుంటారు.
తాతయ్య వెందెలీన్ దీపాల గదిలో పనిచేశాడు.
ఖైదీలు తవ్వేవాళ్ళు,
ఆయన దీపాలు లెక్కపెట్టేవాడు:
లోపలికి ఎన్ని, బయటికి ఎన్ని.

బడి నుంచి గైగర్ యంత్రం అరువు తెచ్చాను.
"ముందు ఖాళీ గదిలో విను," అన్నాడు
సైన్సు మాస్టారు ఒతోమార్.
ఖాళీ గదీ ఊరుకోదు.
ఎవరో పనిలేక వేలితో బల్ల తడుతున్నట్టు
టక్. ... టక్ టక్. ... టక్.
"అది లోకం చప్పుడు. చెవిలో పెట్టుకో.
దాన్ని మించితేనే ఆలోచించు."

మొదటి సొరుగులో మాలకైట్, నెమలి మెడ రంగు.
నా అనుమానమంతా దానిమీదే.
అది నోరు విప్పలేదు.
మూడో సొరుగులో ఫ్లోరైట్
అతినీల దీపం కింద భగ్గుమంది,
యంత్రం మాత్రం పట్టించుకోలేదు.

ఆరో సొరుగు తెరవక ముందే మొదలైంది,
పెనం మీద పేలాలు.
టోర్బెర్నైట్: పచ్చటి చదరపు రేకులు,
గట్టిగా ఊపిరి వదిలితే రాలేలా ఉన్నాయి.
ఆటునైట్: నిమ్మతొక్క రంగు పొలుసులు.
వాటి వెనక తారుముద్దలా, ఒళ్ళంతా బుడిపెలతో
పిడికిలంత పిచ్‌బ్లెండ్.
ఇంత వికారమైనదాన్ని ఎవరు దాచుకుంటారు?

టీ కప్పు పక్కగదికి పంపాను.
చేతికి తొడుగులు. కిటికీలు బార్లా.
జానెడు దూరం రెండు జానలైతే
దెబ్బ నాలుగో వంతేనట,
దూరమంత చవకైన డాలు లేదట.
పగలగొట్టకు, సానపట్టకు,
పొడిగుడ్డతో దులపకు, తడిగుడ్డతో అద్దు.
"రాయి కంటే దాని ధూళికి భయపడు.
లోపలికి పోయినదాన్ని బయటికి రమ్మనలేం."

తాతయ్య రాయిని నాలుకతో తడిపేవాడు,
రంగు తేలుతుందని.
ఐదేళ్ళప్పుడు నాకూ ఒకటి అందించాడు.
ఉప్పగా ఉందన్నాను.
ఏ రాయో ఇప్పుడు ఎంత తవ్వినా గుర్తుకు రాదు.

ఈ బీరువా ముప్ఫై ఏళ్ళు వాళ్ళ పడకగదిలో ఉంది.
రాయిలోంచి రంగూ వాసనా లేని గాలి ఒకటి ఊరి
మూసిన తలుపుల వెనక పేరుకుంటుందట.
నానమ్మకి చలి. ఎప్పుడూ తలుపులు మూసే ఉంచేది.
ఆ లెక్క నేను వెయ్యను.

అన్ని చీటీల మీదా పేరు, గని, లోతు.
నల్లముద్ద చీటీ మీద మాత్రం
*సగం రొట్టెకి. మార్చి 1952.*
అంతే.
ఎవరు ఆ మనిషి?
ఊరికే తినడం ఇష్టం లేక
జేబులో ఉన్నదే ఇచ్చాడా?
మిగిలిన సగం తాతయ్య తిన్నాడా?
ఆ సాయంత్రం
దీపాల లెక్క సరిపోయిందా?

భద్రతా కార్యాలయం నుంచి హెద్వికా వచ్చింది,
బూట్లకి మంచుతో, ఇనప పెట్టెతో.
"చిన్నవి రెండు ఉంచుకోవచ్చు,
మూత బిగించి, పేరు రాసి,
ఎవరూ పడుకోని షెడ్డులో.
ఈ పెద్దది ఇంట్లో వద్దు."
ఇచ్చేశాను.
అది పోయాక సొరుగులోని గుంట
ఇంకా చిటపటలాడుతూనే ఉంది.
చీటీ కూడా.
కాగితానికీ అంటుకుందన్నమాట.

చీటీని సంచిలో పెట్టి అంటించాను, పారెయ్యలేదు.
షెడ్డులో డబ్బా మీద, తర్వాత వచ్చే పిల్లల కోసం,
నా గుండ్రటి అక్షరాలతో రాశాను:
*చూడొచ్చు. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కో.
నాకొద్దు.*

చివరి మాట
రెండుసార్లు చదువుకున్నాను.