పద్నాలుగు దాకా

కిల్లీబెగ్స్ ఆరోగ్య కేంద్రంలో, మెట్ల కింద గదిలో
మాట పోయినవాళ్ళ జాబితా నా దగ్గరుంటుంది.
రెండు వందల పదకొండు పేర్లు.
మాట నేర్పే మనిషి ఒక్కతే, మురిన్,
అదీ వారానికి రెండున్నర రోజులు.
మిగతా సగం ఉద్యోగం రెండేళ్ళుగా ఖాళీ.
ఆ కుర్చీలో నా తడి కోటు ఆరేసుకుంటాను.

వైద్యం ఉచితం. గోడమీద పెద్దక్షరాల్లో ఉంది.
ఎప్పుడన్నది ఎక్కడా లేదు.

వంతు వచ్చినవాళ్ళకి ఉత్తరం వేస్తాను:
"ఈ నంబరుకు ఫోన్ చేసి వస్తానని చెప్పండి.
పది రోజుల్లో చెప్పకపోతే
మీకు అక్కర్లేదనుకుంటాం."
డబ్లిన్‌లో ఎవరు రాశారో ఈ ముక్క,
రాసినాయన గొంతు ఖంగుమని మోగుతూ ఉండి ఉంటుంది.
నోరుంటే తలగాస్తుందంటారు,
మా దగ్గర నోరుంటేనే నోరిస్తాం.
ఆరేళ్ళుగా మడిచి కవర్లలో పెడుతున్నాను,
నాకూ తట్టలేదు.

నవంబరు, మంగళవారం, వాన అడ్డంగా కొడుతోంది.
ఫోన్ మోగింది. హలో అన్నాను.
అవతల ఊపిరి.
వెనకాల గచ్చు మీద కుక్కగోళ్ళ చప్పుడు.
రాంగ్ నంబరనుకుని పెట్టేశాను.

బుధవారం మళ్ళీ. అదే ఊపిరి, అవే గోళ్ళు.
ఎవడో ఆకతాయి అనుకుని నోరు చేసుకున్నాను.
ఏమన్నానో ఇక్కడ రాయను.

గురువారం పేర్లు కొట్టేసే రోజు.
ఎర్ర కలం మూత తీశాను.
గిల్డే, కొనల్. అరవై ఎనిమిది. ఒంటరి.
పక్షవాతం: కుడి చెయ్యి, మాట.
పదమూడు నెలలు ఎదురుచూపు.
జవాబు లేదు.

కొనల్ గిల్డే అంటే
రేవులో మాకెరల్ చేపల పెట్టెలు లెక్కపెట్టినవాడు.
మా నాన్న పడవ వచ్చేసరికి
చెవి మీద పెన్సిలుతో గట్టున నిలబడి
ఒకటీ రెండూ మూడూ అని రాగం తీసి
నూరు దగ్గర నాకో బిస్కెట్ ఇచ్చినవాడు.
పక్కన ఎప్పుడూ ఒక కుక్క,
ఒకటి పోతే ఇంకొకటి, అన్నిటికీ ఒకటే పేరు.

కుక్క.

కలం మూత పెట్టేసి నేనే ఫోన్ చేశాను.
"కొనల్, నేను ఫిన్టన్ కూతుర్ని."
బరువైనదేదో నేలమీద ఈడుస్తున్నట్టు శబ్దం,
నాలుక దాకా వచ్చి వెనక్కి జారి, మళ్ళీ వచ్చి.
తొందరేం లేదన్నాను. అబద్ధం.
ఇంకా పంతొమ్మిది పేర్లున్నాయి.

"పదకొండు, పద్నాలుగు, ఇరవై రెండు. ఏ రోజు వస్తారు?"
అడిగాక నాలుక కరుచుకున్నాను.

అప్పుడు మొదలుపెట్టాడు.
ఒకటి.
రెండు.
తడబడి, రెండు. మూడు.
నాలుగు నుంచి అదే రాగం, రేవు రాగం,
గొంతులో తుప్పు రాలుతూ
ఎనిమిది తొమ్మిది పది,
పదకొండు దగ్గర ఆగలేదు,
నేను కుర్చీ అంచుకొచ్చేశాను,
పన్నెండు పదమూడు
పద్నాలుగు.
ఆగాడు.

మాట పోయినా అంకెలు వరసలో నిలబడతాయట ఒక్కోసారి,
ప్రార్థనలూ, తిట్లూ కూడా.
అవి వేరే అరలో ఉంటాయని తర్వాత మురిన్ చెప్పింది.
ఆ క్షణాన నాకేం తెలుసు,
పద్నాలుగు అని రాసి రెండుసార్లు గీత గీశాను.

ఇప్పుడు ప్రతి కవరులో ఒక కార్డు పెడుతున్నాను,
వస్తాను, రాను, రెండు గళ్ళు, ఒక టిక్కు చాలు.
స్టాంపులు నావే.
ఉత్తరంలో ఆ ముక్క మార్చమని పైకి మూడుసార్లు రాశాను.
జవాబు లేదు.
పైవాళ్ళ పేర్లు కొట్టేసే కలం నాకివ్వలేదు.

పద్నాలుగున ముప్పావుగంట ముందే వచ్చాడు.
కుక్కలకు ప్రవేశం లేదని తలుపు మీద ఉంది.
ఖాళీ కుర్చీ మీంచి
నా కోటు తీశాను.