తిథిద్వయం

మింటు వీధిలో మూడో మేడ.
కింద జిలేబీ పాకం వాసన, తోపుడు బళ్ళ గోల.
పైన నేను
వచ్చే ఏటి రోజుల్ని ఈ ఏటి ఎండలో దిద్దుతుంటాను.

గూడూరు సిద్ధాంతిగారు లెక్కలు పంపుతారు,
చెళియన్ కంప్యూటర్‌లో కొడతాడు.
వాడికి తెలుగు రాదు, బొమ్మ చూసి బొమ్మ వేస్తాడు.
అందుకే వాడివి తక్కువ తప్పులు.
తెలుగొచ్చిన నేనే ఒక ఏడు
వర్జ్యాన్ని వజ్రమని వదిలేశాను.
ఆ ఏడంతా జనానికి రోజూ గంటన్నర వజ్రం గడిచింది.
ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.

నా రాశికి ఆదాయం రెండు, వ్యయం పదకొండు.
అచ్చుతప్పేమోనని మూడుసార్లు చూశాను.
కాదు.

ఎవరు కొంటారన్నా ఇవి, అంటాడు చెళియన్
తన అరవ క్యాలెండర్లో నిన్నటి కాగితం చర్రున చింపుతూ.
కాశిమేడులో వలల మేస్త్రి, అమావాస్య పోటు కోసం.
పురసవాక్కంలో ఇల్లు మారే గుమాస్తా, పాలు పొంగించడానికి.
లిఫ్టులు బిగించే రంగసాయి రాహుకాలంలో తాడు ముట్టడు,
అది భక్తి కాదురా,
తొమ్మిదో అంతస్తు.

ఎక్కువమంది కొనేది మాత్రం పెళ్ళిళ్ళకి కాదు.
పోయినవాళ్ళకి
మళ్ళీ ఏ రోజున అన్నం పెట్టాలో చూసుకోడానికి.

నిన్న సైదాపేట నుంచి పెంచలమ్మ వచ్చింది,
కార్పొరేషన్ కోటుతోనే, చెప్పులు మెట్ల కిందే విడిచి.
"మా అమ్మ తిథి కావాల సార్. పెద్ద వరదలో పోయింది.
పదకొండేళ్ళుగా ఎవురు ఏ రోజంటే ఆ రోజు చేస్తా ఉండా."

పాత కట్ట దించాను. మన్మథ. కార్తీక బహుళం. మంగళవారం.
ఆ ఏడు మొదటి పేజీలోనే వానని కుంచాలతో కొలిచి
సముద్రానికింత, కొండలకింత, నేలకింత అని
పంచిపెట్టి ఉన్నాం.
అడయారు ఆ పేజీ చదవలేదు.

షష్ఠి ఆ రాత్రే దాటింది.
ఎప్పుడు దాటిందో నిమిషంతో సహా ఉంది, నేను దిద్దిందే.
ఆమె ఎప్పుడు దాటిందో లేదు.

"ఎన్ని గంటలప్పుడు?"
"కరెంటు లేదు సార్. ఫోను చచ్చిపోయుండె.
గడియారానికి బ్యాటరీ మార్చాలని నెల రోజులుగా అనుకుంటానే ఉండాం.
నీళ్ళు మంచం పట్టెకి తగిలినప్పుడు అమ్మ మాట్లాడతా ఉండాది.
పొయ్యి గట్టు మునిగేసరికి లేదు."

మంచం పట్టెకీ పొయ్యి గట్టుకీ మధ్య.

పూర్వం గడియని కొలిచింది నీళ్ళతోనే.
అడుగున సన్నని బెజ్జమున్న రాగి గిన్నెని తొట్టిలో వదిలి
అది మునగ్గానే ఒక గడియ అని గంట కొట్టేవాళ్ళట.
సిద్ధాంతిగారి పీఠికలో ఆ వాక్యాన్ని ఏటా దిద్దుతాను.
ఏటా అందులో కామా ఒక్కటే చూశాను.

రెండిట్లో ఏది రాయమంటావని అడగలేక అడిగాను.
ఆమె వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకుని,
"వచ్చే ఏడు ఏది ఆదివారం పడుతుంది సార్?
నాకు సెలవు ఆ పొద్దే."

సప్తమి.
ప్రూఫు కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.
చదవడం రాదంది.
అయినా వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి
కోటు లోపలి జేబులో పెట్టుకుంది.
ఎంత సార్ అంది. ఏమీ లేదన్నాను.
రెండు అరటిపళ్ళు బల్ల మీద పెట్టి
మెట్లు దిగిపోయింది.

చెళియన్ తెర మీద వేలు పెట్టి పిలిచాడు.
అన్నా, ఇక్కడ షష్ఠికీ సప్తమికీ మధ్య
ఒక గీత ఖాళీ వచ్చింది,
ఉండాలా, తప్పా?

తప్పే, కలిపెయ్యి అన్నాను,
కాసేపాగి.