తేదీ చెక్కని రాయి

జమ్మలమడుగు బస్టాండు వెనక సందులో
ముప్పై ఏళ్లుగా శిలాఫలకాలు చెక్కుతున్నాను.
నల్ల నాపరాయి, తెల్ల రంగు, అక్షరానికి ఇంతని.

ఈ సీమలో నాకు పనికి కరువు లేదు.
వానలు తప్పినా శంకుస్థాపనలు తప్పవు.
కాలవకొకటి, కర్మాగారానికొకటి,
పెద్దమనిషి మారితే
అదే కర్మాగారానికి ఇంకొకటి.
కంపచెట్ల మధ్య నిలబడి ఉంటాయి నా రాళ్లు,
మేకలు వీపు రుద్దుకుంటూ ఉంటాయి.
'ప్రారంభోత్సవం' చెక్కి ఎన్నేళ్లయిందో,
'త్స' కింద వొత్తు ఎటు తిరుగుతుందో
చేతికి మరుపొచ్చింది.

నా ఇల్లూ అంతే, లింటలు దాకా లేచి ఆగింది.
నేనూ అంతే అనుకో.
పదహారో ఏట, పెన్నలో నీళ్లున్న ఏడు,
అయ్యగారు నన్ను ముంచి లేపారు.
ఆ పొద్దు నా తడి చొక్కా నిండా ఆకాశం.
తర్వాత సారా. తర్వాత బళ్లారి గనులు.
తర్వాత మా చిన్నమ్మి పుస్తకాల డబ్బు పేకాటలో.
ఆదివారం గుడి గంట కొడితే
రేడియో పెంచుకునేవాణ్ణి.
ఇప్పుడు తాగను.
'ఇప్పుడు' ఎంత పొట్టి మాటో
చెక్కేవాడికి తెలుసు.

పోయిన ఏడు మట్టల ఆదివారం దాటాక
సంజీవమ్మ టీచరు వచ్చింది, ఎనభై రెండేళ్ల మనిషి.
మిషన్ బడిలో నా వేలు పట్టి ఇసకలో 'అ' దిద్దించింది.
ఆటో దిగి, గొడుగు మడిచి,
"నా సమాధి రాయి చెక్కాల నాయనా.
పేరు, పుట్టిన తేదీ. పోయే తేదీకి చోటు వదులు.
కింద ఒకే మాట: పూర్తయింది."

"పూర్తి కాకముందే ఎట్లా చెక్కేది టీచరమ్మా?
ఈ లోపల మీ నమ్మకం జారిపోతే?
నాది జారలేదా?"

ఆమె నా పని వంక చూసింది.
"ఆ రాయి నిన్ను పట్టుకోనుండాదా అబ్బీ?"
"రాయెట్లా పట్టుకుంటాదమ్మా."
"మరి జారకుండా ఎట్లుండాది?"

కిందికి చూసుకున్నాను.
నా ఎడమ పాదం, మడమ పగిలిన పాదం,
రాతి అంచును అదిమి పెట్టి ఉంది.
ముప్పై ఏళ్లు ఉలి వంకే చూశాను,
దాని వంక ఒకసారీ చూడలేదు.

"నీ పేరేంది నాయనా?" అంది, తెలియనట్టు.
"ఏసుపాదం" అన్నాను,
బడిలో హాజరు పలికినట్టు.

"అక్షరం తప్పితే మేం రాయి తిప్పేస్తాం,
వెనక వైపు కొత్తగా మొదలుపెడతాం" అన్నాను ఊరికే ఉండలేక.
"ఆయన తిప్పడు.
తప్పిన గంటునే ఇంకో అక్షరంలో కలుపుకుంటాడు.
అందుకే ఇంతసేపు. అందుకే నొప్పి."
అడ్వాన్సు ఇచ్చింది, రసీదు వద్దంది.
"మిషనుతో వద్దు, నీ చేత్తోనే."

ఆ రాత్రి కరెంటు పోయి వస్తూ ఉంది.
చివరి 'ది' గుడి దగ్గర చేయి వణికి
చిన్న పెచ్చు ఎగిరింది.
రాయి తిప్పబోయి, ఆగాను.
పెచ్చు పోయిన చోటి నుంచే
గుడిని కొంచెం పైకి తీశాను.
నా చేతి గుడి అట్లా ఉండదు, ఇంతకంటే బాగుంది.

ఆమె ఇంకా బతికే ఉంది.
ఆదివారం మూడో వరసలో నన్ను చూసి
"రాయి భద్రమా?" అంటుంది.
"భద్రమే."

లింటలు దాకా లేచిన నా గోడకు ఆనించి ఉంది.
తేదీకి వదిలిన నున్నటి చోట
గడ్డం గీసుకుంటుంటే నా మొహం కనిపిస్తుంది.
చాలా పని మిగిలుంది దాని మీద.

జారడం మాత్రం లేదు.