ముప్పై ఒకటో ప్రశ్న

తొమ్మిదో తరగతి, ఏ సెక్షన్.
నలభై రెండు మంది, మనిషికి నాలుగు కాగితాలు.
కిటికీలకు రెక్కల్లేవు. కళింగపట్నం గాలి
జవాబు రాయకముందే పేజీ తిప్పేస్తోంది.
బరువుకి రాళ్లు తెచ్చుకోమన్నాను.
ఆల్చిప్పలు తెచ్చుకున్నారు.

పేర్లు రాయొద్దని రెండుసార్లు చెప్పాను.
అయినా ఒకడు మార్జిన్లో గుండ్రంగా రాసేశాడు:
చీకటి ధనుంజయ, రోల్ నంబరు పదిహేడు.
కాగితం ఇచ్చారంటే పరీక్షే,
పరీక్షంటే పేరుండాల్సిందే వాడికి.

మా గైడ్ మేడమ్ మూడుసార్లు దిద్దిన ముప్పై ప్రశ్నలు.
పొగాకులో ఉండే మత్తు పదార్థమేది?
పక్కవాళ్ల పొగ మనకు హాని చేస్తుందా?
నువ్వు ఎప్పుడైనా పొగ తాగావా? అవును. కాదు.
పైన సిగరెట్టు బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత.
ఈ ఊళ్లో సిగరెట్టు కంటే ముందు
చుట్ట పుట్టిందని ఆ బొమ్మకి తెలీదు.

ఇరవై నిమిషాలకి పదిహేడు లేచి నిలబడ్డాడు.
"మేడమ్, ముట్టించి ఇచ్చినా తాగినట్టేనా?"

క్లాసంతా గొల్లుమంది.
వాడు నవ్వలేదు.
"మా మామ్మ సేతులు రెండూ సేపల్లో ఉంటాయండి.
పొయ్యి కాడ సుట్ట ముట్టించీసి, రెండు దమ్ములు లాగీసి,
నిప్పు నిలబడ్డాక పట్టుకెళ్లి ఇయ్యాల.
అడ్డపొగండి. నిప్పు లోపలెట్టుకుంతాది.
రెండో తరగతి కాణ్ణించీ నాదే డూటీ."

అవునుకి ఒక గడి ఉంది. కాదుకి ఒక గడి ఉంది.
ఆ రెండు దమ్ములకి నా కాగితంలో చోటు లేదు.
"నీకేది అనిపిస్తే అది రాయి" అన్నాను.
పిరికి మాట. పెద్దవాళ్లు చెప్పే మాట.

ఎందుకంటే ఆ డూటీ నాదీ.
ఆమదాలవలస అవతల వరిమళ్లలో
మోకాళ్లదాకా బురదలో మా మామ్మ,
గట్టు వెంట చుట్ట పట్టుకుని పరిగెత్తే నేను.
ఆరిపోతే తిడుతుందని, మధ్యలో ఒక దమ్ము.
గాలికి ఆరదు, నారు మీద బూడిద రాలదు,
అందుకే నిప్పు లోపలికి తిప్పుకునేది.
నోట్లో దీపం పెట్టుకున్నట్టు
బుగ్గలు ఎర్రగా వెలిగేవని
నేను ముచ్చటపడేదాన్ని.

నర్సింగ్ రెండో ఏడు సెలవులకి వెళ్తే
"కారం తగిల్తే మండుతోందే, సూడు" అని నోరు తెరిచింది.
సెల్‌ఫోను లైటు వేశాను.
అంగిలి సున్నం కొట్టిన గోడలా తెల్లగా,
దాని నిండా ఎర్రటి పొక్కులు.
మా పుస్తకంలో సరిగ్గా అదే బొమ్మ.
పుస్తకంలో ఆమె కళ్లకి నల్లపట్టీ వేశారు.
మా మామ్మ కళ్లకి ఏ పట్టీ లేదు,
నా మొహంలోకే చూస్తోంది.

వారం పోయాక మళ్లీ వెళ్లాను, అవే ముప్పై ప్రశ్నలు.
పాఠానికి ముందు సగటు పదకొండు, తర్వాత ఇరవై మూడు.
మేడమ్ సంతోషించారు. పట్టిక అందంగా వచ్చింది.

గేటు దగ్గర పదిహేడు కనిపించాడు.
"ఇప్పుడెవరు ముట్టిస్తున్నార్రా?"
"నాను మానీసినానండి. అగ్గిపెట్టి అరుగు మీదెట్టీసి,
సేతులు కడుక్కోని నువ్వే ముట్టించుకో అంతన్నాను.
సేప జిగురు ఓ పట్టాన పోదు గదండీ,
ఇసుగొచ్చి ఊరుకుంతంది.
రోజుకి ఆరు కాల్సీది. ఇప్పుడు నాలుగు."

నాలుగు. ఈ అంకె ఏ పట్టికలోకీ రాదు.

రాత్రి హాస్టల్లో చివరి అధ్యాయం తెరిచాను.
పరిమితులు, అని శీర్షిక.
శాంపిలు చిన్నది. ఒకే బడి. వ్యవధి తక్కువ.
అందరూ రాసేవే రాశాను.
ఆ తర్వాత పెన్సిల్‌తో, మేడమ్ చెరిపేసేందుకు వీలుగా:

ముప్పై ఒకటో ప్రశ్న
పరిశోధకురాలికి ముందే తెలుసు.
అడగలేదు.