తొమ్మిదికి తొమ్మిది

ఎర్రమిట్ట బడి నోటీసు బోర్డులో
మూడు దినాలుగా మా పేర్లు జల్లుకి తడుస్తా ఉన్నాయి.
మూడో తరగతి: పిల్లలు పంతొమ్మిది, కమిటీ సీట్లు మూడు.
రెండిటికి పోటీ లేదు.
మూడోదానికి నేను, అంసవేణి,
బంగారుపాళెం కాడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసేదాన్ని;
ఆయన, చెంగల్రాయులు, కోళ్ళఫారం మేస్త్రీ.

నాకు పదవి యావ లేదు.
ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం
హెడ్మాస్టరు సొరుగులో ఉండాది.
అడిగి తెచ్చుకోవాల. అడిగేదానికి సిగ్గు.
మా పాప బడిలో నీళ్ళు తాగడం మానేసింది.
అంతే నా మేనిఫెస్టో,
ఎవురికీ చెప్పలేదు గూడా.

ఆయన మాత్రం రాత్రి ఇల్లిల్లూ తిరిగినాడు.
ఇంటికొక అట్ట, ముప్పై గుడ్లు.
మా ఇంటికీ ఇచ్చినాడు, పొరపాటునో, పొగరుతోనో.
ఉడకబెట్టుకుని తిన్నాం.
గుడ్డు ఏం పాపం చేసింది?

సుగుణాకర్ సారు రూల్సు చదివినాడు:
చేతులెత్తే పద్ధతి, బిడ్డకొక చెయ్యి.
గోడల మీద గుణింతాలు.
పిల్లోళ్ళ బెంచీల్లో మోకాళ్ళు పట్టక
పక్కకి తిరిగి కూర్చున్న పెద్దోళ్ళు.
నాకు చెయ్యెత్తేదానికి మొగమాటం,
సీజను అయిపోయినా పోని జీడి మరకలు మణికట్టు దాకా.
చుట్టూ చూస్తే అట్లాంటివే ఇంకో ఎనిమిది
ఒక్కొక్కటే లేస్తా ఉన్నాయి.
సారు లెక్కపెట్టినాడు. మళ్ళీ లెక్కపెట్టినాడు.
కిటికీ అవతల పిల్లోళ్ళు ముందే అరిచేసినారు:
"తొమ్మిదికి తొమ్మిది!"

పంతొమ్మిదో చెయ్యి రాలేదు.
అది రాయగడ నుంచి వచ్చినోళ్ళది,
ఫారం వెనక రేకుల గదిలో ఉంటారు.
"లోడు ఉండాది, సెలవు లేదు" అన్నింది మేస్త్రీయే.
వదిలిపెట్టి ఉంటే
భయానికైనా ఆయనకే ఎత్తేవాళ్ళు గదా.
ఈ మాట ఆయనకూ తట్టినట్టుంది,
మీసం కొరుక్కుంటా కూర్చున్నాడు.

చీటీ వెయ్యాల అన్నాడు సారు.
తీసేది ఎవురు?
దేశమ్మ కొడుకా, వాడు మేస్త్రీకి మేనల్లుడు.
కుప్పయ్య కూతురా, అది నన్ను పిన్నీ అంటాది.
ఊరంతా వరసలే,
వేలు పెట్టిన చోటల్లా చుట్టరికం.
వెతికి వెతికి, కడాకి
ఎవురికీ ఏమీ కాని బిడ్డ ఒకతే దొరికింది.

సుకాంతి వచ్చింది.
రెండు జడలు, ఒకదానికే రిబ్బను.
టిఫిను గిన్నెలో రెండు చీటీలు.
కళ్ళు మూసుకోమంటే రెండు చేతుల్తో మూసుకుని
"మరి తీసేదెట్లా సార్?" అని అడిగింది.
గది గదంతా నవ్వింది, చెంగల్రాయులు కూడా.

"చదువుతాదా ఇది? దీని భాష వేరే గదా"
ఎవురో వెనకనుంచి.
పాప విన్నింది. చీటీ విప్పింది.
ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి,
అం
స
వే
ణి,
ణ కాడ నాలిక వెనక్కి మడిచి
మేమెవరమూ పలకనంత శుద్ధంగా.
ఇన్నేళ్ళూ నన్ను అంసవేని అనే పిలిచినారు అందరూ,
నాతో సహా.

పుస్తకంలో సంతకం పెట్టినాను.
హాజరు పట్టీలో పంతొమ్మిదో వరస:
తల్లిదండ్రులు రాలేదు.
రాలేదా, రానీలేదా,
అంత రాసేదానికి గడి చాలదంట.

తాళం ఇంకా రాలేదు నాకు,
ముందు అజెండాలో పెట్టాలంట.
మొదటి మీటింగు అయిదో తేదీ, ఉదయం పది.
రాత్రి ఏడని దిద్దమన్నాను,
గుడ్ల లారీ చిత్తూరు దారి పట్టినాక.
"ఆ టైముకి బడి మూసుంటాదమ్మా."
"తెరిస్తే తెరుచుకుంటాది సార్."
ఎర్ర పెన్ను కోసం చాలాసేపు వెతికినాడు.

ఆ చీటీ నా కాడనే ఉంది, బస్సు పాసులో.
వెనకవైపు ఎవురిదో పాత డిక్టేషను,
చిరిగిపోయిన మాట, పక్కన టిక్కు.
చివరి అక్షరం మటుకే మిగిలింది: ళం.
తాళమో, గళమో,
గందరగోళమో.