మూడో బెంచీ, కిటికీ వైపు

వచ్చే జూన్లో ఇక్కడ కూర్చోబోయే పిల్లా,
నీ పేరు నాకు తెలీదు.
ముందు బెంచీ తుడుచుకో.
పోర్టు బొగ్గు రాత్రంతా నడిచొచ్చి
మనకంటే ముందే క్లాసులో కూర్చుంటుంది.
మొదట్లో నేనూ విసుక్కున్నాను.
తర్వాత దాని మీదే వేలితో లెక్కలు చేశాను,
తప్పయితే అరచేత్తో ఒక్క తుడుపు.
తెల్ల కాగితానికి అంత జాలి ఉండదు.

పదో తరగతి అనగానే అందరిదీ ఒకే పాఠం.
"ఈ ఒక్క ఏడాది కళ్ళు మూసుకో."
మేనత్త అంది, ట్యూషన్ సారు అన్నాడు,
కొట్టు సన్యాసమ్మ చిల్లర లెక్కపెడుతూ అంది.
కళ్ళు మూసుకుని ఎలా చదవాలో
ఒక్కరూ చెప్పలేదు.

నాలుగు రంగుల స్కెచ్‌పెన్నులతో
టైంటేబుల్ రాసి గోడకు అంటించాను.
అక్టోబరు తుపానుకి గోడ చెమ్మగిల్లి
సాంఘికం ఎరుపు
జీవశాస్త్రం ఆకుపచ్చలోకి కారిపోయింది.
మళ్ళీ రాయలేదు.

నీ పక్క చోటు కాసులమ్మది.
దసరా సెలవుల తర్వాత రాలేదు.
వాళ్ళమ్మ చేతికి చీము పట్టింది,
రొయ్యల షెడ్డులో తల్లి బదులు కూతురు.
"కాసులమ్మా" అని మాస్టారు పిలిచినప్పుడల్లా
కిటికీలోంచి హార్బరు వాసన పలికేది.

అప్పట్నుంచి నా ఏడాది రెండేళ్ళయింది.
పగలు విన్నది సాయంత్రం దానికి చెప్పాలి.
చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి కదా,
అక్కడ దొరికిపోయాను.
ఐసులో నానిన దాని వేళ్ళలోంచి
పెన్ను జారిపోయేది.
"ఓలే, ఈ సైను తీటా ఎవులికి కావాలే?"
నాకూ తెలీదు.

అందుకే ఒక ఆదివారం
కోణమానికి దారం, దారానికి నట్టు కట్టి
చీలమండల్లోతు నీళ్ళలో నిలబడి
డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్‌కి గురిపెట్టాం.
నలభై అడుగులు వెనక్కి నడిచి
మళ్ళీ గురిపెట్టాం.

పుస్తకంలో లైట్‌హౌస్ కింద ఓడలు కదలవు.
ముప్పై డిగ్రీల దగ్గరొకటి, నలభై అయిదు దగ్గరొకటి
మన కోసం ఊపిరి బిగబట్టి ఉంటాయి.
ఇక్కడివి
మేం దారం సరిచేసేలోపే వెళ్ళిపోయాయి.
అల వచ్చి మా అడుగులు తినేసింది.
లెక్క కడితే
కొండ మా బడి కంటే పొట్టిదని తేలింది.
ఇసకలో పడి నవ్వాం,
కడుపు పట్టుకుని, పెదాల మీద ఉప్పుతో.
ఆ ఏడాదిలో నేను టైం చూసుకోని పూట అదొక్కటే.

సోమవారం అప్పలనరసయ్య మాస్టారికి చూపించాను.
కళ్ళజోడు పైకి తోసి "తప్పు" అన్నారు.
కానీ కాగితం వదల్లేదు.
"ఎక్కడ నిలబడ్డావు?"
"నీళ్ళలో సార్."
"దారం ఎవరు పట్టుకున్నారు?"
చెప్పాను.
హాజరుపట్టీ తెరిచి, ఒక పేరు దగ్గర పెన్ను ఆపి,
ఏమీ రాయకుండా మూసేశారు.

ఆ సాయంత్రం ఆయన స్కూటరు
రొయ్యల షెడ్డు ముందు చాలాసేపు ఉంది.
ఏం మాట్లాడారో ఇద్దరూ చెప్పరు.
జనవరి నుంచి కాసులమ్మ వచ్చింది,
వారానికి నాలుగు రోజులు,
మిగతా రెండు రోజులు నేనే దాని బడి.

పరీక్షలో లైట్‌హౌస్ రాలేదు.
గాలిపటం వచ్చింది.
అది ముందు వరసలోంచి వెనక్కి తిరిగి
నన్ను చూసి కళ్ళెగరేసింది,
ఇన్విజిలేటరు బల్ల మీద కొట్టాడు.

ఫలితాలు ఇంకా రాలేదు.

కాబట్టి సలహా ఇచ్చే అర్హత నాకింకా లేదు.
ఏడాదిని పిండుకోమని నీకూ చెబుతారు,
బట్టలా మెలిపెట్టి, ఆఖరి చుక్క దాకా.
పిండి ఆరేసినవాళ్ళు మా క్లాసులో ఉన్నారు,
వాళ్ళకి మంచి మార్కులే వస్తాయి,
రావాలి కూడా.

నువ్వు మాత్రం బెంచీ కింద ఎడమవైపు తడుము.
ఎండిన బబుల్‌గమ్ పక్కన, మేకుకి
ఒక నట్టు వేలాడుతుంటుంది, దారంతో సహా.
తుప్పు పట్టినా బరువు తగ్గదు.
పోటు మీద వెళ్ళకండి.
నలభై అడుగులు చాలవు.