అట్ట ఊడిన నవల

చెవులు మొనదేలిన ఎల్ఫులు,
డబ్బుకి కత్తి దూసే కిరాయి సిపాయిలు.
మా ముమ్మిడివరం లైబ్రరీలో అట్ట ఊడిన ఆ నవల
నాలుగు నెలల్లో పదకొండు చేతులు మారింది.

రొయ్యల చెరువు కావలి ఏసుబాబు
ఏరేటర్ల హోరులో తెల్లవార్లూ చదివి
పొద్దున్నే వచ్చి అడిగాడు:
"ఎల్ఫులకి దోమలు కుట్టవాండీ?"

పంటు నడిపే ఓలేటి పోలయ్య
మార్జిన్‌లో పెన్సిలుతో రాశాడు:
"ఇనప చొక్కాతో పాయ ఈదడం అబద్ధం.
అప్పుడు పోటో పాటో కూడా
రాసినాయనకి తెలీదు."

ఇంటర్ చదివే సుహాసిని
విలుకత్తె చచ్చిపోయిన పేజీ
మడిచి, విప్పి, మళ్లీ మడిచి
చివరికి చింపింది.
జరిమానా రాయలేదు నేను.

పోయినేడు మస్కట్ నుంచి తిరిగొచ్చిన
గెడ్డం రత్నకుమారి మాత్రం
పుస్తకం బల్ల మీద పెట్టి
"కోట గెలిచారు, జెండా ఎత్తారు, బానే ఉంది.
ఆ సిపాయిల జీతం బాకీ ఎవరిచ్చారో
ఆఖరిదాకా వెతికాను" అంది.

రెండుసార్లు చదివాను నేను.
జీతం మాటే గుర్తులేదు.

లైట్లార్పే ముందు మళ్లీ తిరగేస్తే
నలభై రెండో పేజీలో దొరికింది బేరం:
సగం ముందు, సగం గెలిచాక.

ఆ రెండో సగానికి
ఎవరో బాల్‌పెన్నుతో
సున్నా చుట్టారు.